సీఎస్ఈ పుట్టింది ఎలక్ట్రికల్ గదుల్లోనే

ఎంసెట్ పేరు మారినా వెబ్ ఆప్షన్ల వరస మారలేదు: ముందు సీఎస్ఈ, అది రాకపోతే ఈసీఈ, అదీ రాకపోతే ఈఈఈ. చాలా ఇళ్లలో ఈ వరసే పిల్లల తెలివికి కొలత అయిపోయింది. చరిత్ర మాత్రం ఈ లెక్కను ఒప్పుకోదు. ఎలక్ట్రికల్, కంప్యూటర్ చదువుల మధ్య గీత ఆయా విశ్వవిద్యాలయాలు తమ వీలునుబట్టి గీసుకున్నదే. 1937లో ఎంఐటీ ఎలక్ట్రికల్ విభాగంలో క్లాడ్ షానన్ సమర్పించిన మాస్టర్స్ థీసిస్ చూడండి. రెండు స్విచ్‌లను వరసగా కలిపితే రెండూ వేస్తేనే కరెంటు పారుతుంది; పక్కపక్కన కలిపితే ఏ ఒక్కటి వేసినా చాలు. తర్కంలో మొదటిది 'మరియు', రెండోది 'లేదా'. అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లైన రిలేల సర్క్యూట్‌ను తర్కానికి వాడే బూలియన్ బీజగణితంతో రాయొచ్చు, ఆ బీజగణితాన్ని రిలేలతో నడిపించొచ్చు. నేటి ప్రాసెసర్ ఈ గుర్తింపు మీదే నిలబడింది. 1946లో లోకానికి చూపిన ఎనియాక్ కంప్యూటర్, దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులతో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని మూర్ స్కూల్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో తయారైంది. మన దేశంలోనూ 1963లో ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చినప్పుడు ప్రోగ్రామింగ్ బోధనకు పునాది వేసినవారిలో ముఖ్యులైన వి. రాజారామన్ ఎలక్ట్రికల్ అధ్యాపకులు.

కంప్యూటర్ సైన్స్‌కు అసలు మూలం గణితమేననే వాదన ఉంది, అందులో బలమూ ఉంది. ఈ శాస్త్రానికి సిద్ధాంత పునాది వేసిన అలన్ ట్యూరింగ్ గణితవేత్త. స్టాన్‌ఫర్డ్‌లో 1965లో ఏర్పడ్డ కంప్యూటర్ సైన్స్ శాఖ 1985 దాకా ఇంజనీరింగ్ స్కూల్‌లో లేనేలేదు. కానీ ఎంఐటీ 1975లో ఎలక్ట్రికల్ శాఖ పేరులోనే కంప్యూటర్ సైన్స్‌ను చేర్చింది. బర్క్‌లీ 1968లో వేరు శాఖ పెట్టి, 1973లో మళ్లీ కలిపేసింది. గీత ఆ చదువుల స్వభావంలోనే ఉంటే ఇన్నిచోట్ల ఇన్నిరకాలుగా పడేది కాదు. మనుషులూ ఆ గీత దాటారు: చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1958లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో పుచ్చుకున్నది సివిల్ పట్టా. 1994లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది కృత్రిమ మేధలో చేసిన కృషికి.

వోల్టేజి సంగతి తెలియకుండానే కోడ్ రాసి బతుకుతున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు కదా అంటారు. నిజమే. కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు వచ్చిందే ఆ భారం తప్పించడానికి. ఉద్యోగాలు చూసి సీఎస్ఈ కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ నిశ్చింతను నిలబెట్టింది ఎలక్ట్రికల్ పనే. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ వేగం పెరిగి, వేడి అదుపులో ఉన్నంతకాలం పాత ప్రోగ్రాములే కొత్త చిప్ మీద ఇంకా చురుగ్గా నడిచాయి. 2000ల మధ్యకు వచ్చేసరికి లీకేజీ కరెంటు, వేడి ఆ దారి మూసేశాయి. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న ఇంటెల్ 2004లో విరమించుకుంది. వేగానికి బదులు ఒకే చిప్‌లో కోర్లు పెంచడం మొదలైంది. మామూలు ప్రోగ్రామర్లు కూడా తమ పనిని కోర్ల మధ్య పంచి రాయడం నేర్చుకోవలసి వచ్చింది.