ఆటయు కళాశాలయు

కళాశాల నెన్నుకొనునపుడు ఆటను చూడవలెనా, చదువును చూడవలెనా? అమెరికాలోని చిన్న కళాశాలల చరిత్ర యీ ప్రశ్నకు మంచి యుత్తర మొసగుచున్నది.

ఆ దేశమున కళాశాలల నడుమ మొదటి బేస్‌బాల్ పందెము 1859వ సంవత్సరము జూలై 1వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమందలి పిట్స్‌ఫీల్డ్ పట్టణమున జరిగెను. ఆమ్హర్స్ట్ కళాశాలవారు విలియమ్స్ కళాశాలవారిని 73-32 పరుగులతో నోడించిరి. ఆ సందర్భముననే యుభయులును చదరంగమునందు సైతము పోటీపడిరి. బాహుబలమును బుద్ధిబలమును వారికి సమానముగనే గౌరవపాత్రములు. 1861లో ఆమ్హర్స్ట్‌వారు ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అను వైద్యుని ఆరోగ్య వ్యాయామశాస్త్రముల కాచార్యునిగా నియమించిరి.

కాలక్రమమున ఆటలలో ధనము ప్రవేశించెను. 1973లో ఆ దేశపు కళాశాలల క్రీడాసంఘము తన సభ్యులను మూడు శ్రేణులుగా విభజించెను. పై రెండు కళాశాలలును మూడవ శ్రేణిలోనివి. అందు ఆటకై విద్యార్థివేతన మీయరాదు. ఈ రెండు కళాశాలలలో కుటుంబపు ఆర్థికస్థితి ననుసరించియే సహాయము లభించును. మోకాలు దెబ్బతిని యాట మానినను ఆ సహాయము ఆగదు. ప్రవేశసమయమున శిక్షకుని సిఫారసునకు విలువ లేకపోలేదు. కాని శిక్షకుడు రేపు వేఱొకచోటికి పోవచ్చును. నాలుగేండ్లును విద్యార్థికి మిగులునది అచ్చటి చదువే.

కావున ఆటలయందు నేర్పుగల బాలబాలికలును, వారి తలిదండ్రులును ముందుగా నొక్కమాట యోచింపవలెను: ఆట లేనినాడును ఈ కళాశాల మనకు సమ్మతమేనా? సమ్మతము కానిచో, ఎంత గొప్ప మైదానమున్నను అచ్చట చేరకుండుటయే మేలని మా యభిప్రాయము.