మార్గేట్ చిప్పల గుహ

సముద్రతీరవాసులకు ఆలిచిప్పలు, గవ్వలు అపురూపములు కావు. పిల్లలు వాటితో ఆడుకొందురు. గుల్లలను కాల్చి సున్నము చేయుట మన తీరమున పూర్వమునుండి ఎరిగినదే. అట్టి చిప్పలతోనే గోడలనిండ చిత్రములు కూర్చిన వింత కట్టడమొకటి ఇంగ్లండు దేశపు ఆగ్నేయతీరమున, మార్గేట్ పట్టణములో కలదు.

1835 లో ఇండ్ల నడుమ, సుద్దనేలను తొలిచి చేసిన యీ గుహ బయటపడినది. సుమారు డెబ్బది అడుగుల వంపుల మార్గము, దాని చివర నొక దీర్ఘచతురస్రపు గది. రెండువేల చదరపుటడుగుల మేర నలభైయారు లక్షల చిప్పలు పొదిగిరని అంచనా. పూవులు, తీగెలు, నక్షత్రములు, సూర్యబింబములు ఆ గోడలపై కన్పట్టును.

వీనిని కూర్చినవారెవరు? ప్రాచీన దేవాలయమని కొందరు, రహస్య సంఘపు సమావేశస్థలమని కొందరు, ధనికుని విలాసమని మరికొందరు తలచిరి. పదునెనిమిదవ శతాబ్దమున అట్టి గుహలపై ఆంగ్లేయులకు మోజుండెడిది. కవి అలెగ్జాండర్ పోప్ సైతము థేమ్సు తీరమున తన తోటలో నొకటి అలంకరించుకొనెను. అందుచేత చివరి ఊహయే సమంజసమని మాకు తోచును. అయినను రుజువు లేదు. చిప్ప వయస్సు తేలినను అది ఆ ప్రాణి మరణించిన కాలమునే తెలుపును గాని, గోడ కట్టిన కాలమును తెలుపదు.

పోప్ గుహ అతని మిత్రులకొరకు. మార్గేట్ గుహయో, బయటపడిన రెండు మూడేండ్లలోనే రుసుమిచ్చిన వారికెల్ల తెరువబడినది. అందరి సొత్తగుటతోనే దానికి హానియు మొదలైనది. చూడవచ్చిన వారికై వెలిగించిన దీపముల మసి పట్టి, చిప్పల సహజవర్ణములు మాసిపోయినవి. రెండవ ప్రపంచయుద్ధకాలపు బాంబు వలన చివరి గదిలో నొక గోడ పాడైనది. నేడది ప్రథమశ్రేణి రక్షిత కట్టడము.

రాజులు కట్టించిన కట్టడములకు శాసనములు సాక్ష్యము పలుకును. ఇచట పేరు లేదు, శాసనము లేదు. లక్షల చిప్పలను ఒక్కొక్కటిగా ఏరి, పొదిగిన చేతుల పని మాత్రమే మిగిలినది. కర్త తెలియని కళను కాపాడు బాధ్యత చూచువారందరిదియు. ఆ మసి మనకు చెప్పు పాఠమిదియే.