బ్లాక్ టాంక్ పురాణం

కిందటేడు వేసవిలో నలుగురు రూమ్మేట్లం కలిసి ఓ ట్రెయిలర్ అద్దెకి తీసుకుని యెల్లోస్టోన్ వెళ్లాం. కారు వెనక ఇల్లు కట్టుకుని తిరగడమన్నమాట. మూడు రోజులు రాజభోగం. నాలుగో రోజు టాయిలెట్ టాంక్ ఖాళీ చెయ్యాల్సిన టైమొచ్చింది. అంతే, నలుగురికీ ఒకేసారి అర్జంటుగా ఫోన్లు! "ఇండియాలో అయితే ఎవరికో ఓ రెండొందలు పడేస్తే చేసేసేవాడు రా," అన్నాడు ఒకడు. అందరం నవ్వాం. చీటీలు వేస్తే నా పేరొచ్చింది.

ఈ ట్రెయిలర్ టాయిలెట్‌లో మన ఇంట్లోలా వంకర పైపు ఉండదు. కింద ఓ మూత, మూత మీద కొంచెం నీళ్లు (వాసన ఆపడానికి), దాని కిందే టాంక్. పేరు బ్లాక్ టాంక్. సింకు, షవర్ నీళ్లకి వేరే గ్రే టాంక్. మేం చేసిన తప్పేమిటంటే, క్యాంపులో డ్రెయిన్‌కి గొట్టం తగిలించి బ్లాక్ టాంక్ వాల్వు తెరిచి వదిలేశాం. నీళ్లన్నీ పోతాయి, గట్టిది మాత్రం గుట్టగా పేరుకుంటుంది. వాల్వు మూసి ఉంచి, నీళ్లు ధారాళంగా పోసి, టాంక్ దాదాపు నిండాక ఒక్కసారిగా వదలాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే, అప్పుడు సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. ఇక టాంక్ ఎంత నిండిందో చెప్పే సెన్సార్ ఉంది చూశారూ, దానికి మురికి అంటుకుంటే ఖాళీ టాంక్‌ని కూడా ఫుల్ అనే చూపిస్తుంది. అచ్చం మన స్టేటస్ రిపోర్టుల్లాగే.

చేతులు పదిసార్లు కడుక్కున్నాక, అసలీ టాంక్ కథేంటా అని చదవడం మొదలెట్టాను.

1930లలో అమెరికాలో ట్రెయిలర్ల మోజు మొదలైనప్పుడు చాలావాటిలో టాయిలెట్టే లేదు. క్యాంపులో ఉన్నదే గతి, లేకపోతే బకెట్. 1957లో ఎయిర్‌స్ట్రీమ్ వాళ్లు 'ఇంటర్నేషనల్' అనే మోడల్ తెచ్చారు. బయటి కరెంటు, నీళ్లు, డ్రెయిన్ కనెక్షన్లు లేకుండానే కొన్నాళ్లు బతకొచ్చన్నది దాని గొప్ప. 1963లో మిషిగన్‌లో థెట్‌ఫర్డ్ కంపెనీ పుట్టింది. 1968లో వాళ్ల 'పోర్టా పాటీ' వచ్చింది. పైన మంచినీళ్ల టాంక్, కింద మురికి టాంక్, రెండూ విడదీసి మోసుకెళ్లొచ్చు. ఈ డిజైన్లన్నిటిలో నాకు నచ్చిన సంగతి ఒకటే: ఎవరిది వాళ్లే మొయ్యాలి.

ఇప్పుడు మన చక్రాల టాయిలెట్, అంటే రైలు సంగతి చూద్దాం. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు అహ్మద్‌పూర్ స్టేషన్లో చెంబు పట్టుకుని దిగితే రైలు వెళ్లిపోయింది. ఆయన సాహిబ్‌గంజ్ ఆఫీసుకి రాసిన కోపపు ఉత్తరం వల్లే కింది తరగతి పెట్టెల్లోకి టాయిలెట్లు వచ్చాయని చెబుతారు. వచ్చాయి కానీ టాంక్ రాలేదు. పెట్టెకి అడుగున కన్నం, దాని కింద పట్టాలు. వందేళ్లు అలాగే నడిచింది. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే, మెమరీ లీక్ అని తెలిసీ ఎవరూ ఫిక్స్ చెయ్యలేదు. ఎందుకంటే గార్బేజ్ కలెక్షన్ ఫ్రీగా జరిగిపోతోంది, మనుషుల చేత. వాళ్లు ఏ కులం వాళ్లో నేను చెప్పక్కర్లేదు.

మనుషుల చేత ఈ పని చేయించడం నేరమని 1993లో చట్టమొచ్చింది, 2013లో ఇంకోటి. చట్టం అమలు చెయ్యమని సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల ఊళ్లో, ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టారు. 2016లో మెగసెసే అందుకున్నారు. ఆయనకి వెన్నుదన్నుగా నిలిచిన ఎస్.ఆర్.శంకరన్ మన ఆంధ్రప్రదేశ్ ఐ.ఏ.ఎస్. అధికారే. 2014 తీర్పులో కోర్టు, పట్టాల మీద ఈ పని ఆపడానికి గడువు పెట్టుకుని పని చెయ్యమని రైల్వేకి కూడా చెప్పింది. డి.ఆర్.డి.ఓ. బాక్టీరియాతో తయారుచేసిన బయో టాయిలెట్లు 2019కల్లా పెట్టెల కింద రెండు లక్షలకు పైగా చేరాయి.

అంటే టెక్నాలజీ చేతకాక ఆగలేదు. 1960లలోనే టాంక్ తెలుసు, వాల్వు తెలుసు. అక్కడ టాంక్ ఖాళీ చెయ్యాల్సింది ఓనరే కాబట్టి డిజైన్ చకచకా బాగుపడింది. ఇక్కడ ఖాళీ చేసేవాడు వేరే, డిజైన్ చేసేవాడు వేరే. ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడలేదు. బగ్ రాసినవాడికే సపోర్టు డ్యూటీ వేస్తే కోడ్ ఎందుకు బాగుపడుతుందో మనకి తెలియంది కాదు కదా!

ఆ రోజు "రెండొందలు పడేస్తే" అన్న మాటకి నేనూ నవ్వాను. గ్లవ్స్ వేసుకుని ఆ గుట్టని కరిగించడానికి గంటసేపు నీళ్లు కొట్టాక తెలిసింది, ఆ రెండొందలు దేనికో. మన ఊళ్లలో గ్లవ్స్ కూడా లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగి చనిపోతున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ టాంక్ నిండింది. ఈసారి చీటీలు వెయ్యలేదు. వంతులేసుకున్నాం.