ఎండు స్క్విడ్

ఎండు స్క్విడ్ జపాన్, కొరియాల్లో ఇష్టంగా తినే ఉప్పటి సముద్రపు చిరుతిండి. జపాన్‌లో దీన్ని సురుమె అంటారు, కొరియాలో మారున్ ఒజింగో. స్క్విడ్‌ను చీల్చి, పేగులు తీసేసి, బల్లపరుపుగా పరిచి ఆరబెడతారు. కొరియాలో ఉల్లుంగ్ దీవి సరుకుకు పేరెక్కువ. సన్నసెగ మీద కాలిస్తే అంచులు ముడుచుకుని పైకి చుట్టుకుంటాయి. అప్పుడు అడ్డంగా పీలికలు చీల్చి, గోచుజాంగ్ కారంలోనో మయొనీజ్‌లోనో అద్దుకుని చాలాసేపు నములుతారు. పక్కన వేరుశనగ గుళ్లు, బీరు ఉండటం అక్కడ మామూలే. జపాన్‌లో దీనికి శుభకార్యాల్లోనూ చోటుంది: సుమో బరి నడుమ పూడ్చిపెట్టే నైవేద్యాల్లో సురుమె ఒకటి.

పచ్చి స్క్విడ్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. ఎండాక అది 20 శాతం దగ్గరికి దిగుతుంది, పోషకాలన్నీ చిక్కబడతాయి. 100 గ్రాముల సురుమెలో సుమారు 69 గ్రాముల మాంసకృత్తులు, 4 గ్రాముల కొవ్వు, 300 కిలోకేలరీలు ఉంటాయి. పిండిపదార్థం లేనట్టే. బి12 విటమిన్, సెలీనియం, రాగి కూడా బాగానే దొరుకుతాయి. చిరుతిళ్లలో ఇంత మాంసకృత్తులున్నవి అరుదు.

ముక్క మీద సన్నటి తెల్లపొడి కనిపిస్తుంది. కొత్తవాళ్లు బూజనుకుని పారేస్తారు. నిజానికి ఎండే క్రమంలో లోపలి నుంచి పైకి తేలిన టారిన్, మరికొన్ని అమైనో ఆమ్లాలు అవి. టారిన్ మన కాలేయంలో పైత్యరస లవణాల తయారీకి పనికొచ్చే పదార్థం. పొడిగా, వాసన లేకుండా అంతటా పరుచుకుని ఉంటే భయం లేదు. నూగులా లేచి, పచ్చగానో నల్లగానో మారి, ముక్కవాసన వేస్తే మాత్రం అది బూజే.

కొలెస్టరాల్ సంగతి దాచకుండా చెప్పాలి. 100 గ్రాములకు అది 980 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. 30 గ్రాముల ముక్క తింటే ఒక కోడిగుడ్డులో ఉన్నదానికన్నా ఎక్కువే వెళ్తుంది. తిండిలోని కొలెస్టరాల్ కన్నా సంతృప్త కొవ్వే రక్తంలోని కొలెస్టరాల్‌ను ఎక్కువ పెంచుతుంది, ఆ కొవ్వు ఇందులో తక్కువ. అయినా డాక్టరు జాగ్రత్త చెప్పినవాళ్లు రెండు పీలికలతో ఆపడం మేలు.

అసలు గమనించాల్సింది ఉప్పు. సాదా సురుమెలో 100 గ్రాములకు 2.3 గ్రాముల ఉప్పుకు సమానమైన సోడియం ఉంటుంది. పొట్లాల్లో అమ్మే మెత్తటి తీపి పీలికలు, అంటే సకి ఇకా, వేరే సరుకు. ఉప్పు, చక్కెర కలిపి చేసే వాటిలో ఉప్పు దాదాపు 7 గ్రాములకు చేరుతుంది, పిండిపదార్థం 17 గ్రాములకు పెరుగుతుంది, మాంసకృత్తులు 45 గ్రాములకు పడిపోతాయి. పెద్దవాళ్లకు రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రక్తపోటు ఉన్నవాళ్లు సాదా రకాన్నే ఎంచుకోవాలి, అదీ కొంచెమే.

గౌట్ ఉన్నవారికి ఇందులోని ప్యూరిన్లు ఇబ్బంది పెట్టవచ్చు. ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు రొయ్యలు, పీతలతో పాటు స్క్విడ్‌లోనూ ఉంది కాబట్టి, రొయ్యలు పడనివారు డాక్టరును అడగకుండా దీన్ని రుచి చూడకూడదు.