కచేరీ గేటుకు ఇవతల, అవతల

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, పాత కచేరీ రోజుల గురించి వ్రాద్దామని కూర్చున్నాను. తీరా ఆ రోజులు తలచుకుంటే, నేను ముప్పై అయిదేళ్ళు కూర్చున్న బల్ల కంటే కచేరీ గేటు అవతల వేపచెట్టు క్రింద ఉండే బల్లే ఎక్కువగా గుర్తుకు వచ్చింది. మన సర్వీసు సంగతులు మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. మన పక్కనే నడిచిన ఆ రెండవ చరిత్ర గురించి ఈసారి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను 1973లో కోస్తా జిల్లాలోని ఒక తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరాను. ఊరి పేరు ఎందుకులెండి. అప్పటి కచేరీ పద్ధతి మద్రాసు రాష్ట్రం నాటిది. టాటెన్‌హాం పద్ధతి అనేవారు. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక కరెంటు నంబరు. ప్రతి గుమాస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టరు. నోట్ ఫైలు వేరు, కరెంట్ ఫైలు వేరు. పని ముగిశాక శాశ్వతంగా ఉంచవలసిన ఫైలు ఆర్.డిస్., పదేళ్ళు ఉంచవలసినది డి.డిస్., ఏడాదితో సరిపోయేది ఎల్.డిస్. ఈనాటి పిల్లలు విని నవ్వుతారు గాని, ఆ పద్ధతిలో ఒక గొప్ప గుణం ఉంది. ఏ కాగితం ఎవరి దగ్గర ఎన్నాళ్ళు ఉన్నదో దాచడానికి వీలులేదు. ఒక లోపమూ ఉంది. ఎన్నాళ్ళు ఉన్నా మన జీతం ఆగదు.

ఇక వేపచెట్టు క్రింది బల్ల ఒక జాబ్ టైపిస్టుది. ఆయనా నేనూ ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నాం. లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. ఇద్దరమూ హయ్యరు ప్యాసయ్యాం. నాకు ఉద్యోగం వచ్చింది, ఆయనకు రాలేదు. పాత మిషను ఒకటి కొనుక్కుని చెట్టు క్రింద కూర్చున్నాడు. అర్జీలు కొట్టడం, కోర్టు ఫీజు స్టాంపులు అంటించడం, ఏ కాగితం ఏ సెక్షనుకు పోతుందో చెప్పడం ఆయన పని.

ఒకసారి భర్త పోయిన ఒకామె, ఆయన పేరున ఉన్న పొలం పట్టా తన పేరుకు మార్చమని అర్జీ పెట్టుకుంది. ఆ కాగితం నా దగ్గరే ఉంది. మూడుసార్లు వస్తే మూడుసార్లూ ‘రేపు రామ్మా’ అన్నాను. కావాలని చేసింది కాదు, బద్ధకం. నాలుగోసారి ఆమె మొదటి అర్జీ తేదీ, కరెంటు నంబరు వేసి ఉన్న రిమైండరు పట్టుకుని నేరుగా తహసీల్దారుగారి దగ్గరకు వెళ్ళింది. నాకు చీవాట్లు పడ్డాయి. సాయంత్రం చెట్టు దగ్గరకు వెళ్ళి టైపిస్టు మీద ఎగిరాను. ఆయన కోపం తెచ్చుకోకుండా ఇలా అన్నాడు: ‘ఆమె పని కాకపోతే నీకు పోయేదేమీ లేదు. నాకైతే రేపు ఆ ఊరి నుంచి ఇంకొక మనిషి రాడు.’

ఆ మాట నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

1984లో ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. గ్రామంలో నోటిమాటతో జరిగే పనులు కూడా కాగితం మీదికి రావలసి వచ్చింది. మాకు పని పెరిగింది, టైపిస్టుకు బేరం పెరిగింది. ఆ 1984లోనే దేశంలో సీ-డాట్ సంస్థ పుట్టింది. దాని ఎక్స్ఛేంజీల పుణ్యమా అని కొన్నేళ్ళకు చిన్న ఊళ్ళకు కూడా ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. టైపిస్టు చెట్టు క్రింది నుంచి ఒక చిన్న గదిలోకి మారి బూతు పెట్టాడు. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ గనుక, మనమంతా నిద్రకళ్ళతో ఆ గది ముందు వరుసలో నిలబడిన వాళ్ళమే.

ఆ తరువాత కంప్యూటర్లు. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ప్రారంభించింది. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ నెలలోనే రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ పథకం వచ్చి, రోజుల తరబడి పుస్తకాలు తిరగేసి ఇచ్చే ఈసీ కంప్యూటరు నుంచి వచ్చే రోజులు మొదలయ్యాయి. మా కచేరీకి కూడా ఒక కంప్యూటరు వచ్చింది. దానికి గుడ్డ కప్పాం, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాం, దసరాకు బొట్టు పెట్టాం. నేర్చుకోవడం మాత్రం మా చేత కాలేదు. తెలియక ఏదో నొక్కితే పాడవుతుందేమో, రికవరీ మన జీతంలో పడుతుందేమో అని భయం. గేటు అవతల వాళ్ళకు ఆ భయం పెట్టుకునే వీలు లేదు. నేర్చుకోకపోతే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. 1999లో మా అబ్బాయి డిగ్రీ అయి రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నాడు. కచేరీ ఎదురుగా రెండు కంప్యూటర్లతో నెట్ సెంటరు పెడతానన్నాడు. నా జి.పి.ఎఫ్.లో నుంచి కొంత సర్దమని అడిగాడు. ‘వ్యాపారం మన ఇంటా వంటా లేదు. నెల తిరిగేసరికి జీతం రాని బతుకు ఏం బతుకురా?’ అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. హైదరాబాదు వెళ్ళి ఒక ప్రైవేటు కంపెనీలో చేరాడు. మరుసటి ఏడాది ఆ సెంటరును టైపిస్టుగారి కొడుకు పెట్టాడు. పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజున వీధి చివరి దాకా జనం. అమెరికాలోని మా అన్నయ్యగారి అమ్మాయికి ఈ-మెయిలు కొట్టించడానికి నేనూ ఆ వరుసలో నిలబడ్డాను. మా అబ్బాయి ఈనాటి వరకూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువు.

అలాగని గేటు అవతల అంతా లాభమే అనుకోకండి. సెల్‌ఫోన్లు రాగానే బూతు మూతపడింది, అప్పు మిగిలింది. అరచేతిలోకి నెట్ వచ్చేసరికి సెంటరులో కుర్చీలు ఖాళీ అయ్యాయి. 2011లో మీ సేవ వస్తే ఆ అబ్బాయి కేంద్రం తీసుకుని నిలదొక్కుకున్నాడు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చి ఆ బేరమూ తగ్గింది. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే సేవలు ప్రారంభించింది. ప్రతిసారీ అతడు ఇంకొక పని నేర్చుకున్నాడు. నేను ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేది అతని దగ్గరే. అరిగిపోయిన నా వేలిముద్ర మిషను తీసుకోకపోతే ఓపికగా నాలుగు వేళ్ళూ మార్చి చూస్తాడు. ఒక్కసారి కూడా ‘రేపు రండి బాబాయిగారూ’ అనలేదు.

అయితే గేటు ఇవతల నేర్చుకున్నదంతా వృథా అని నేను అనను. మన దగ్గరకు ఒక కాగితం వస్తే ముందు ఏమి చూసేవాళ్ళం? ఎవరి సంతకం, ఏ తేదీ, ఏ నంబరు, ఏ రిఫరెన్సు. ఇవి లేనిదే పుటప్ చేసేవాళ్ళం కాదు. అటువంటి మనం ఈనాడు ఏమి చేస్తున్నాం? తెల్లవారుజామున లేచి, నంబరు లేని జీవో ఒకటి, సంతకం లేని డి.ఎ. వార్త ఒకటి వాట్సాప్‌లో యాభైమందికి పంపుతున్నాం. ఎవరో పోలీసునని వీడియోలో బెదిరిస్తే, డిజిటల్ అరెస్టు అంటే నమ్మి, జీవితకాలం కూడబెట్టినది పంపేస్తున్న పెద్దలున్నారు. చట్టంలో అటువంటి అరెస్టే లేదు. ఫోనులో వచ్చేది కూడా తపాలే. దానికీ స్క్రూటినీ కావాలి. ఆ పనిలో మన కంటే అనుభవజ్ఞులు ఎవరున్నారు?

ఇక చివరి మాట. మా మనుమరాలు బి.కాం. చదివి ఒక ఆడిటరుగారి దగ్గర పని చేస్తోంది. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు, ఉద్యోగం మాని, చిన్న దుకాణాలవాళ్ళకు జి.ఎస్.టి. రిటర్నులు, లెక్కలు చూసే ఆఫీసు సొంతంగా పెట్టుకుంటానంది. మా అబ్బాయి అన్నం ముందు కూర్చుని, ‘నెల తిరిగేసరికి జీతం రాని బతుకు ఏం బతుకమ్మా?’ అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా నా మాట. నాకు ముద్ద దిగలేదు.

నేను 2008లో రిటైరయ్యాను. పదిహేనేళ్ళు నిండాక, 2023లో కమ్యూట్ చేసిన భాగం తిరిగి పెన్షనులో కలిసింది. అది లేకుండా పదిహేనేళ్ళు గడిపిన వాళ్ళమే కదా. ఆ భాగం ప్రతి నెలా అమ్మాయి గది అద్దెకు ఇస్తానని అప్పుడే చెప్పాను. మా అబ్బాయి చాలాసేపు నా వైపు చూశాడు. ‘ఇప్పటికైనా ఇచ్చారు నాన్నా’ అన్నాడు. ఇరవై అయిదేళ్ళకు వాడు ఆ విషయం మీద అన్న మొదటి మాట అది.

అమ్మాయికి రెండు షరతులు పెట్టాను. ఒకటి, వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి పర్సనల్ రిజిస్టరు వ్రాయాలి, కంప్యూటరులోనే వ్రాసుకోవచ్చు. రెండు, ఎవరినీ ‘రేపు రండి’ అనకూడదు. మొదటిది నేను గేటు ఇవతల నేర్చుకున్నది. రెండవది గేటు అవతలి నుంచి నేర్చుకోవలసింది, ఆలస్యంగా నేర్చుకున్నాను.

మన ఇళ్ళలో పిల్లలు ఎవరైనా ఇటువంటి మాటతో వస్తే, కాదనే ముందు ఆ కాగితాన్ని ఒకసారి పూర్తిగా చదవవలసినదిగా మిత్రులందరికీ నా మనవి.