ఎంసెట్ గణిత విభాగానికి సన్నద్ధత

ఎంసెట్ గణిత విభాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంజనీరింగు కోర్సుల ప్రవేశానికి జరిగే పరీక్షలో అతి పెద్ద భాగము. 2015 నుండి రెండు రాష్ట్రాలు ఈ పరీక్షను వేర్వేరుగా నిర్వహిస్తున్నాయి. దీని పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి, తెలంగాణలో 2024 నుండి ఈఏపీసెట్‌గా మారింది. అయినప్పటికీ వాడుకలో ఎంసెట్ అనే పేరే నిలిచి ఉంది.

ప్రశ్నపత్రం స్వరూపం

మొత్తం 160 ప్రశ్నలలో 80 గణితము, 40 భౌతికశాస్త్రము, 40 రసాయనశాస్త్రము నుండి వస్తాయి. ఒక్కొక్క ప్రశ్నకు ఒక మార్కు. వ్యవధి 3 గంటలు, అనగా ప్రశ్నకు సగటున 67.5 సెకన్లు మాత్రమే. కాలిక్యులేటరును అనుమతించరు. ఇద్దరు అభ్యర్థులకు మొత్తం మార్కులు సమానమైనపుడు ముందుగా గణితంలోని మార్కులనే పరిగణిస్తారు. అందువలన ర్యాంకును ప్రధానంగా నిర్ణయించేది గణితమే.

పాఠ్యాంశాలు

ప్రశ్నలు ఇంటర్మీడియట్ రెండు సంవత్సరాల పాఠ్యాంశాలపై ఆధారపడి ఉంటాయి. వీటిని స్థూలంగా ఇలా విభజించవచ్చు:
* బీజగణితము: మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతము, ప్రస్తారాలు, సంభావ్యత
* సదిశలు, త్రికోణమితి
* వైశ్లేషిక రేఖాగణితము: సరళరేఖలు, వృత్తాలు, శాంకవాలు
* కలన గణితము: అవధులు, అవకలనము, సమాకలనము, అవకల సమీకరణాలు

పాఠ్యప్రణాళిక మారే అవకాశం ఉన్నందున ఆ సంవత్సరపు సమాచార పుస్తకంతో సరిచూసుకోవాలి.

సాధన పద్ధతులు

ఇంటర్మీడియట్ పరీక్షలో సాధనలోని ప్రతి సోపానానికి మార్కులుంటాయి. ఎంసెట్‌లో సరియైన ఐచ్ఛికానికి మాత్రమే మార్కు. కావున సూత్రాల ఉత్పాదనను ముందుగా అర్థం చేసుకొని, తరువాత వేగాన్ని అభ్యసించడం మంచిది. సూత్రాన్ని కేవలం కంఠస్థం చేసినవారు ప్రశ్న రూపం మారగానే తడబడతారు.

కొన్ని ప్రశ్నలకు చిన్న విలువలను ప్రతిక్షేపించి జవాబు కనుగొనవచ్చు. ఉదాహరణకు 1×2 + 2×3 + … + ఎన్(ఎన్+1) మొత్తానికి ఎన్(ఎన్+1), ఎన్(ఎన్+1)(ఎన్+2)/3 అనే ఐచ్ఛికాలు ఇచ్చారనుకుందాం. ఎన్ విలువ 1 అయితే రెండూ 2 అవుతాయి. ఎన్ విలువ 2 అయితే అసలు మొత్తం 8. మొదటి ఐచ్ఛికం 6, రెండవది 8 ఇస్తాయి. ఒకే విలువతో తొందరపడి నిర్ణయించరాదని దీనివలన తెలుస్తుంది.

పాత ప్రశ్నపత్రాలను 3 గంటల గడువుతో సాధించి, తప్పులను అవగాహన లోపం, గణన దోషం, సమయాభావం అని వేరుచేసి వ్రాసుకోవాలి. ఈ మూడింటికీ పరిష్కారాలు వేర్వేరు.

పరీక్ష సమయంలో

సులభమైన ప్రశ్నలను ముందుగా పూర్తిచేసి, మిగిలినవాటిని రెండవ విడతలో చూడవచ్చు. ఈ పరీక్షలో తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కనుక ఏ ప్రశ్ననూ వదలివేయరాదు. నాలుగు ఐచ్ఛికాలలో రెండింటిని తొలగించగలిగితే, ఊహించిన జవాబు సరియగు సంభావ్యత 1/4 నుండి 1/2కు పెరుగుతుంది. జేఈఈ మెయిన్‌లో సరియైన జవాబుకు 4 మార్కులు కలిపి, తప్పు జవాబుకు 1 మార్కు తగ్గిస్తారు. రెండు పరీక్షలూ వ్రాసేవారు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి.

ఇవి కూడా చూడండి
* ఇంటర్మీడియట్ విద్య
* త్రికోణమితి
* సంభావ్యత