మిరాసి నుంచి రాయల్టీ దాకా: జానపద గాయకుడి హక్కు

జానపద గాయకులు తమను వినోద పరిశ్రమలో భాగంగా చూసుకోవాలా అన్న చర్చలో రెండు వాదాలు బలంగా వినిపిస్తాయి. పాట పవిత్రమైనది, దాన్ని సరుకు చేయరాదన్నది ఒకటి. కాలం మారింది, మార్కెట్‌లోకి దిగక తప్పదన్నది మరొకటి. తెలంగాణ ఆశ్రిత కులాల కళాకారుల చరిత్ర ముందు ఈ రెండూ నిలవవు.

డక్కలి, చిందు, ఒగ్గు, రుంజ కళాకారులకు పాట ఏనాడూ తీరిక వేళ వ్యాపకం కాదు, బతుకుతెరువు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్తారు. ఏ ఊళ్లో ఏ కుటుంబం చెప్పాలో మిరాసి అనే వంశపారంపర్య హక్కు నిర్ణయించేది. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే మిరాసి ఊళ్లనూ పంచుకునేవారు. కథ చెప్పాక అందే ధాన్యం, బట్టలు వారికి హక్కుగా రావలసినవి. అయితే డక్కలివారిని మాదిగవాడకు కూడా దూరంగా నిలబెట్టిన అంతరాలు ఈ వ్యవస్థలోనివే కాబట్టి, మిరాసిని స్వర్ణయుగంగా చిత్రించడం పరిశోధకులు చేయగూడని పని.

ఇప్పుడు పిలుపు సినిమా నుంచి వస్తోంది. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతు 2021లో ‘భీమ్లా నాయక్’ పాట ద్వారా కోట్ల మందికి చేరింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2023 నాటి ‘బలగం’లో, చెదిరిన కుటుంబాన్ని కలిపేది బుడగజంగాల గాయకుల పాటే. కానీ ఒక సినిమా పిలుపు రెండో పిలుపుకు పూచీ ఇవ్వదు. మిరాసి ఊరు ఏటా ఎదురుచూసేది, పరిశ్రమకు అలాంటి కట్టుబాటేదీ లేదు. అందుకే జానపద గాయకుడు తన ఉనికిని పరిశ్రమకు అప్పగించకూడదని నా అభిప్రాయం.

హక్కు మాత్రం వదులుకోకూడదు. సంప్రదాయ గీతానికి కర్త ఎవరో తెలియదు కనుక దానిపై ఎవరికీ ఏమీ చెల్లించనక్కరలేదన్న వాదన సగమే నిజం. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ, రచయితతో సంబంధం లేకుండా ప్రదర్శకుడికే వేరుగా హక్కు కల్పించింది. ప్రదర్శకుల నిర్వచనంలో గాయకులతోపాటు గారడీవాళ్లనూ, పాములాడించేవాళ్లనూ పేర్కొంది. వీధిలో బతికే కళాకారుడిని చట్టం మరిచిపోలేదన్నమాట! 2012 సవరణ ఇంకో అడుగు వేసింది: ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకుంటే ప్రదర్శకుడికి రాయల్టీ చెందాలంది, అతని పేరు చెప్పించుకునే హక్కునూ గుర్తించింది. పాట పాతదే కావచ్చు, పాడిన గొంతు మాత్రం ఆ గాయకుడిది.

కాబట్టి కొలుపులో, కర్మకాండలో, కులపురాణంలో అతను పరిశ్రమ మనిషి కాడు; రికార్డింగ్ గదిలో అడుగుపెట్టిన క్షణం నుంచి అన్ని హక్కులూ ఉన్న శ్రామికుడు. పాట తీసుకునే నిర్మాతలు, మధ్యవర్తులు ఒప్పందాన్ని తెలుగులో రాయించి, సంతకానికి ముందు గాయకుడికి చదివి వినిపించాలి. ఈ నిబంధనను అమల్లోకి తెచ్చే బాధ్యతను రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు తీసుకోవాలి.